ఉప్పునీళ్ల కడ్డీ

గోవిందరాజ్ మామకు ఊరికే కూర్చోవడం చేతకాదు. చింతచెట్టు మీదినుంచి పడి కాలు విరిగాక డాక్టరు కూర్చోమన్నాడు, పెళ్లాం కూర్చోమంది, వీధంతా కూర్చోమంది. కూర్చున్నాడు. కానీ కూర్చున్నచోటే చేతులు ఏదో ఒకటి విప్పుతూ ఉండేవి. ముందు గోడగడియారం విప్పాడు. తర్వాత మిక్సీ. తర్వాత మా అమ్మ టేబుల్ ఫ్యాను. అది మళ్లీ తిరగలేదు. చివరికి పాటల సెట్టు దగ్గర ఆ చేతులు నిలిచాయి. నిలిచాయని కూడా చెప్పలేను. దాని మూతకు స్క్రూలన్నీ బిగించి ఉండగా నేను ఒక్కనాడూ చూడలేదు.

ఆయన మా అమ్మ తమ్ముడు. మా ఊరు సేలం వైపు ఏ. పళ్లిపట్టి. కూడలిలోని అంగళ్లు దాటి వెనక వీధిలోకి పోతే ఎడమపక్క రేకులు వేసిన ఇల్లు. ఇంట్లో తెలుగు, వాకిలి దాటితే తమిళం. పడకముందు ఆయన పని చెట్లెక్కడం. రోడ్డు పక్క చింతచెట్లను వేలంలో పాడుకున్నవాళ్లు మాసి, పంగుని నెలల్లో, కాయ పండే ఎండల మొదట్లో, ఆయన్ను వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. కొమ్మ చివరిదాకా పోయి, పైకొమ్మ పట్టుకుని, కిందికొమ్మను కాళ్లతో తొక్కి ఊపితే కాయ వానలా రాలేది. ఏరియూరు నుంచి తొప్పూరు కనుమ దాకా తాను ఎక్కని చింతచెట్టు లేదని చెప్పుకునేవాడు. ఎక్కిన చెట్లన్నీ ఎవరివో. పడినరోజు వేలం పాడినాయన బత్తాయిపళ్లు తెచ్చి మంచం కింద పెట్టి, సెల్ఫోన్ మోగితే మాట్లాడుకుంటూ వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

అప్పటినుంచి ఇల్లు నడిపింది తిలగవతి అత్త. చెట్టు నుంచి రాలిన కాయ పెంకు తీశాక పండును రాతి మీద పెట్టి చిన్న సుత్తితో కొట్టి గింజ తీయాలి, నార లాగాలి, ఉప్పు కలపాలి. మా వైపు ఆడవాళ్లు పగలు పొలాలకు పోయి, పొద్దుగూకే వేళకు వచ్చి ఈ పని చేస్తారు. ఒక్కరే కూర్చుని చేసే పని కాదిది. విసుగు పుడుతుంది, నడుము పట్టుకుంటుంది. నలుగురు చేరే వాకిలి కావాలి. ఎక్కడ మనుషులు చేరితే అక్కడే వ్యాపారి మూటలు దించుతాడు. తిలగవతి అత్త వాకిట్లో మనుషులు చేరింది మామ సెట్టు వల్ల. అది ఆమె కూడా ఒప్పుకునేది, ఆయన వినకుండా.

సెట్టంటే అంగట్లో కొన్నది కాదు. సేలం నుంచి తెప్పించిన బోర్డు, ఒక పాత ఇనుప డబ్బా, పెద్ద ట్రాన్స్‌ఫార్మరు, తుక్కులారీ కేబిన్‌లోంచి ఊడదీసిన రెండు స్పీకర్లు, మట్టికుండ నోట్లో బిగించిన ఇంకో పెద్ద స్పీకరు. స్విచ్ వేస్తే వెంటనే పాట రాదు. లోపల కాపలా బోర్డు ఒకటి ఉంది. అంతా సరిగ్గా ఉందా లేదా అని కాసేపు చూసుకుని, అప్పుడు ‘టక్’మని స్పీకర్లకు దారి ఇస్తుంది. తేడా కనిపిస్తే మళ్లీ ‘టక్’మని దారి మూసేస్తుంది. స్పీకర్లు కాలిపోకుండా ఆయన పెట్టిన ఏర్పాటు అది. దానికి తోడు ఫ్యూజు, వేడెక్కకుండా చిన్న ఫ్యాను, ఎలుక దూరకుండా జల్లెడ ముక్క.

“నీ సెట్టు మా కోడలి మాదిరే ఉండాదిరా గోవిందా,” అనేది రంగమ్మాళ్ అవ్వ. “పిలిస్తే కొంచేపు అలిగి గాని పలకదు.”

రంగమ్మాళ్ వాకిట్లో అందరికన్నా పెద్దది. సుత్తి దెబ్బ తప్పదు, నోరూ తప్పదు.

“కోడలు పలకక పోయేది నీ సుత్తికి భయపడి అవ్వా.”

“భయపడేదా అది? నా సుత్తినే అమ్ముకుంటాది.”

పాట మొదలైతే పది సుత్తులు ఒక్క తాళంలో పడేవి. ఎవరూ నేర్పలేదు. నెమ్మది పాటకు నెమ్మదిగా, ఉరుకుల పాటకు ఉరుకుగా. ఏ పాట పెడితే ఎంత పండు దిగుతుందో మామకు తెలిసిపోయింది. తిలగవతి అత్త కళ్లతో సైగ చేస్తే ఉరుకుల పాట పెట్టేవాడు. అవ్వ కనిపెట్టి తిట్టేది.

ఇదంతా బాగానే ఉండేది, సాయంత్రం కరెంటు ఒక్కటి తప్ప. పొద్దుగూకేసరికి వీధిలో అందరూ లైట్లు, టీవీలు, మిక్సీలు వేస్తారు. మా వీధి కరెంటుకు నీరసం వచ్చేస్తుంది. బల్బు గుమ్మడిపువ్వు రంగులోకి తిరుగుతుంది. సరిగ్గా ఆడవాళ్లు వచ్చి కూర్చునే వేళకే కాపలా బోర్డుకు అనుమానం మొదలవుతుంది. టక్. పాట ఆగింది. టక్. వచ్చింది. టక్. పల్లవిలో సగం, చరణంలో పావు. సుత్తులు తాళం తప్పి ఒకదాని మీద ఒకటి పడేవి. ఒకామె వేలు కొట్టుకుంది.

అదే సీజనులో కూడలి దగ్గర శరవణకుమార్ షెడ్డు కట్టాడు. చింతపండు వ్యాపారి రాజగోపాలన్ గారి కొడుకు. వాళ్లూ మా మాదిరే ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లే, తరాల కింద వచ్చి స్థిరపడ్డవాళ్లే. ఆ మాట వాళ్లకు ఓట్లప్పుడు గుర్తొస్తుంది. షెడ్డులో ఫ్యాన్లు, ఇన్వర్టరు, ఆగకుండా పాడే కొత్త స్పీకరు. ఒకనాడు బైకు ఆపి, దిగకుండానే ఎంతో మర్యాదగా మాట్లాడాడు.

“గోవిందరాజ్ అన్నా, ఎందుకు మీకు ఈ కష్టం? అక్కావాళ్లందరినీ షెడ్డుకు రమ్మనండి. ఫ్యాను కింద కూర్చుని చేసుకుంటారు. మూటలు ఇక్కడికి మోయించేది మాకూ తప్పుతాది.”

“బిడ్డల్ని ఎత్తుకొని రావచ్చునా?”

“అది... లోపల దుమ్ము కదన్నా, బిడ్డలకు మంచిది కాదు.”

“నడిమధ్య లేచి ఇంటికిపోయి పొయ్యి చూసుకొని రావచ్చునా?”

“గేటు ఒకటి ఉంటాది కదన్నా,” అని నవ్వి బైకు ముందుకు ఉరికించాడు.

వాకిట్లోనైతే బిడ్డ ఏడిస్తే లేవచ్చు, అన్నం పొంగితే ఉరకవచ్చు, మొగుడు తాగి వస్తే వాడు పడుకునేదాకా ఇక్కడే ఉండవచ్చు. ఇవన్నీ తెలిసినా, పాట తెగిన ప్రతి సాయంత్రం ఒకరిద్దరు తక్కువ వస్తున్నారు. తిలగవతి అత్త ఒకరోజు పండు కొడుతూనే తల ఎత్తకుండా చెప్పింది.

“ఇదో చూడు. వాళ్లు పోతే మూటలు పోతాయి. మూటలు పోతే నేనూ ఆ షెడ్డుకే పోవాల. అప్పుడు నువ్వు యాడ కూర్చుంటావు? ఈ వాకిట్లో ఎవురి మొగం చూస్తావు?”

ఆయన స్క్రూడ్రైవరు తీసుకుని సెట్టు మూత విప్పాడు.

ఆ తర్వాత రోజుల్లో ఆయన తిరిగిన తిరుగుడు చూస్తే కాలు విరిగింది ఆయనకేనా అనిపించేది. ముందు టీకొట్టు నుంచి ఫ్రిజ్జుకు పెట్టే స్టెబిలైజరు అడిగి తెచ్చాడు. అది కరెంటు తగ్గినప్పుడల్లా లోపల ఏదో మార్చుకుంటూ తానే ‘టక్ టక్’ అనడం మొదలుపెట్టింది. ఇప్పుడు రెండు టక్కులు. బాగా నీరసమైనప్పుడు అదీ చేతులెత్తేసింది. టీకొట్టాయనకు తిరిగిచ్చేశాడు. తర్వాత బస్సెక్కి తొప్పూరు పోయాడు. అక్కడ కనుమలో బోల్తాపడ్డ లారీల సామాను అమ్మే కలైయరసన్ ఆయనకు పాత స్నేహితుడు. లారీ బ్యాటరీ ఒకటి, దానితో నడిచే, ఆటోరిక్షాల్లో పాటలకు పెట్టే చిన్న ఆటోసెట్టు బోర్డు ఒకటి తెచ్చాడు. బ్యాటరీ కరెంటు నిలకడైనదే. కానీ పది సుత్తుల కింద ఆ పాట దోమ మాదిరి వినిపించింది.

“ఏమిరా, సెట్టుకు గొంతు పట్టుకుందా? కషాయం పొయ్యి,” అంది రంగమ్మాళ్.

అందరూ నవ్వారు. మామ కూడా నవ్వాడు గానీ ఆ బ్యాటరీని మంచం కిందికి తోసేశాడు.

ఇక మిగిలింది రాజగోపాలన్ గారి కొబ్బరితోట మోటారు లైను. ఇంటి వెనక గట్టు దాటితే అదే. పొలాలకు ఇచ్చే కరెంటు గనుక గట్టిగా ఉంటుంది. తోట కాపలావాడు “రాత్రికి లాగేసుకో అన్నా” అన్నాడు. మామ ఒప్పుకోలేదు. ఇంట్లో దొంగకరెంటు వాడితే పట్టుకుంటారని కాదు. “వాళ్ల తీగ మీద పాట పాడితే, ఎప్పుడు ఆపాలనేది వాళ్లే చెప్తార్రా,” అన్నాడు నాతో. ఆ ఒక్క మాటకు నాకు ఆయన మీద గౌరవం కలిగింది. కోపమూ వచ్చింది. ఒప్పుకుని ఉంటే ఆ తర్వాత జరిగింది జరిగేది కాదు.

ఒక పొద్దున, ఆడవాళ్లంతా పొలాలకు పోయాక, చూస్తే ఆయన వాకిలి పక్కన గుంత తీస్తున్నాడు.

కరెంటుకు రెండు దారులు కావాలి. వచ్చేదారి ఒకటి, తిరిగిపోయేదారి ఒకటి. ఆ తిరిగిపోయే తీగ నీరసమైతే వచ్చేదానికి ఎంత బలమున్నా లాభం లేదు. చెట్లెక్కే రోజుల్లో ఏరియూరు పక్క ఒక కాపలా గుడిసెలో ఆయన ఒక సంగతి చూశాడు. అక్కడ బల్బుకు ఒకే తీగ వచ్చేది. రెండో తీగకు బదులు కాలవగట్టు తడిలో ఇనుప కడ్డీ దించి ఉంది. బల్బు తెల్లగా వెలిగేది. పొలాల్లో ఇట్లా చేసేవాళ్లు చాలామంది. నేల తడిగా ఉండాలి. తడిలో ఉప్పు ఉంటే మరీ మంచిది.

మా ఊరి వాకిళ్లలో ఎప్పుడూ తడిగా, ఉప్పగా ఉండే చోటు ఒక్కటే. పండుకు ఉప్పు కలిపిన ఆడవాళ్లు చేతులు కడుక్కునే చోటు. తినే పండు గనుక వాకిట్లోకి చెప్పులు రావు, అందరూ వట్టికాళ్లతో అక్కడే కడుగుతారు. జిగటపోవాలని మోకాళ్లదాకా నీళ్లు పోసుకుంటారు. వెనక్కి తిరిగి రాయి దగ్గరికి వస్తారు. ఏళ్ల తరబడి ఆ నేల ఉప్పునీళ్లు తాగి నల్లబడి ఉంది. ఆయన సరిగ్గా అక్కడే నిలువులోతు కడ్డీ దించాడు, చుట్టూ బొగ్గు పోశాడు. కడ్డీ తలకు తీగ చుట్టి పైన మట్టి కప్పి, ఆ తీగను గోడలోంచి లోపలికి తెచ్చి, సెట్టు ప్లగ్గు దగ్గర తిరిగిపోయే తీగతో కలిపాడు.

ఆ సాయంత్రం వీధంతా బల్బులు గుమ్మడిపువ్వులే. మామ స్విచ్ వేశాడు. టక్. పాట లేచింది. తగ్గలేదు, తెగలేదు. కుండలో స్పీకరు గుండె మాదిరి కొట్టుకుంది. పక్కవీధి నుంచి ఇద్దరు ఆడవాళ్లు తొంగిచూసి, మర్నాడు సుత్తులతో వచ్చారు. వారం తిరక్కముందే వాకిలి చాలక చాపలు వీధిలోకి పరిచారు. శరవణకుమార్ బైకు ఒకసారి అటు పోతూ నెమ్మదించింది, ఆగలేదు.

“ఏం మందు పెట్టినావురా దీనికి?” అని అవ్వ అడిగింది.

“ఉప్పు వేసినానవ్వా.”

“పండుకు నేనేసేది, సెట్టుకు నువ్వేసేది. వండుకునేదానికి ఏం మిగిలిస్తావురా తిలగానికి?”

అందరికన్నా ముందు ఆ నేలను కనిపెట్టింది కూడా ఆమే. ఒకనాడు చేతులు కడుక్కుని వస్తూ కాలు విదిలించింది.

“మీ నేల కొరుకుతా ఉండాదే తిలగా.”

“చీమలేమో అవ్వా.”

“చీమ ఒకచోట కొరుకుతాది. ఇది అరికాలంతా జిల్లుమంటాది.”

“నీ కాళ్లు ఈ వయసులో జిల్లుమంటే సంతోషపడాల గానీ!” అని ఎవరో అన్నారు. వాకిలంతా నవ్వు. మామ నవ్వలేదు. ఆయన చేయి పాట గొంతు తగ్గించే మర మీదికి పోయి, తగ్గించకుండానే వెనక్కి వచ్చింది.

అందరూ పోయాక టెస్టరు తీసుకుని వెళ్లాడు. నేను పక్కనే ఉన్నాను. తడిమట్టికి ఆనిస్తే టెస్టరు పిడిలోని చిన్నదీపం నారింజరంగులో సన్నగా వెలిగింది. ఆయన దాన్ని అరచేత్తో మూసి చూశాడు, తీసి చూశాడు.

“పీకేయ్ మామా,” అన్నాను.

“కొంచెమే గదరా ఉండాది.”

“ఇవాళ కొంచెం.”

“చిత్తిరై నెల పోతే పండే ఉండదు. ఈ సీజను దాటనీ. ఆపైన నేనే పీకేస్తా.” కాసేపటికి మళ్లీ, “ఇప్పుడు పీకితే రేపే పోతార్రా వీళ్లు,” అన్నాడు. ఆ గొంతు నన్ను అడుగుతున్నట్టుంది. నేను ఏమి చెప్పినా వినేటట్టు లేదు.

మర్నాడు చేతులు కడుక్కునే నీళ్లబానను అవతలి పక్కకు మార్చాడు. కడ్డీ ఉన్నచోట విరిగిన రోలు ఒకటి దొర్లించి పెట్టాడు. ఎందుకని అత్త అడిగితే, “బురదగా ఉండాది, జారుతారు” అన్నాడు. అదొక్కటి చేసి ఊరుకోగలిగిన మనిషైతే బాగుండేది. నేల ఎండితే పాట తగ్గుతుంది గనుక పొద్దున్నే ఎవరూ లేవకముందు తానే గోడవార తొట్టిలో నీళ్లకు ఉప్పు కలిపి అక్కడ పోసేవాడు. సాయంత్రం ఎవరైనా లేస్తే ఆయనా లేచేవాడు. వాళ్లు ఎటు పోతారో చూసేవాడు. అవతలి పక్కకు పోతే కూర్చునేవాడు. అన్నం ముందు కూర్చుని వాకిలివైపు తిరిగి తినేవాడు. సెట్టు మాత్రం ఎన్నడూ లేనంత బాగా పాడుతోంది.

చిత్తిరై నెలలో, ఎండలు ముదిరాక, మా వైపు సాయంత్రాలు గాలులు లేస్తాయి. వాన పడదు, దుమ్ము మాత్రం పడుతుంది. ఆరోజు కూడా అట్లాగే లేచింది. ఆడవాళ్లు పండు మీద గోనెపట్టాలు కప్పుతున్నారు. పాట నడుస్తోంది. వీధిచివర స్తంభం దగ్గర నీలంగా ఒక మెరుపు మెరిసింది. ఎదురింట్లో బల్బు ఒక్కసారిగా కళ్లు మిరుమిట్లు గొలిపేటంత తెల్లగా వెలిగి పగిలిపోయింది. ఆ పక్కింట్లో టీవీలోంచి పొగ వచ్చిందని కేకలు. స్తంభం మీద తిరిగిపోయే తీగ తెగింది. ఇది తర్వాత తెలిసింది. అప్పుడు మేము చూసింది ఒక్కటే. వాకిలి పక్కన, రోలు కింద, తడినేల లోంచి ఆవిరి లేస్తోంది.

వీధిలో తిరిగిపోయే కరెంటుకు ఇంకో దారి లేక, ఉన్న ఒక్క దారికి వచ్చి పడుతోంది. ఆ దారి మా మామ పాతింది.

అవతలిపక్క బాన గాలికి దొర్లిపడి ఖాళీ అయింది. రంగమ్మాళ్ జిగట చేతులు చాచుకుని, అలవాటైన పాతచోటికి నడుస్తోంది. అక్కడ గోడవార తొట్టిలో నీళ్లున్నాయి. మామ మంచం మీదినుంచి అరిచాడు.

“అవ్వా! పోవద్దు! అవ్వా!”

ఆమెకు వినపడలేదు. పక్కనున్న నాకే సరిగ్గా వినపడలేదు. వాకిలంతా పాటే. ఏ సుత్తికీ లొంగనంత గట్టిగా ఉండాలని ఆయన అన్ని తంటాలు పడి నిలబెట్టిన పాట. తేడా వస్తే ఆపేయాల్సిన కాపలా బోర్డుకు కూడా ఏ తేడా కనిపించలేదు. అది చూసేది స్పీకర్లను.

ఆయన అరవడం మానేసి లేచాడు. పట్టా కప్పిన పండుకుప్పను తొక్కి, ఇద్దరు ఆడవాళ్ల మధ్యగా పడి, గుమ్మం పక్కనున్న మెయిన్ స్విచ్ అందుకుని దించాడు. ఆ లోపలే అవ్వ కాలు తడిలో పెట్టింది. ఎవరో వెనకనుంచి లాగినట్టు కూలబడింది.

పాట ఆగింది. గాలి చప్పుడు, ఎవరి బిడ్డో ఏడుపు. తిలగవతి అత్త అవ్వను పొడినేల మీదికి ఈడ్చింది. నోరు వంకరపోయి, కళ్లు తెరిచే ఉన్నాయి. నీళ్లు చల్లబోతే మామ ఆ చెంబు లాగి పారేశాడు. కాసేపటికి అవ్వ పెదవులు కదిలాయి.

“ఎవుర్రా నా కాలు పట్టుకునింది?” అంది.

చావలేదు. కుడి అరికాలు మీద నాణెమంత కమిలిన మచ్చ, ఆ కాలికి స్పర్శ లేదు. ఆస్పత్రిలో ఒకరోజు ఉంచుకుని పంపించారు. స్పర్శ రావచ్చు, రాకపోవచ్చు అన్నారు.

తీగ తెగిన మర్నాడు పొద్దున సెంతిల్ వచ్చి స్తంభమెక్కాడు. లైను పనికి రోజుకూలి మీద వచ్చే కుర్రవాడు. తెగిన తీగ చూపించి, జాయింటు తుప్పుపట్టి చాన్నాళ్లయిందని, మీ వీధికి సాయంత్రం కరెంటు రానిది అందుకేనని చెప్పాడు. కొత్తగా జాయింటు వేసి దిగాడు. మా మామ ఇంట్లో బల్బు పట్టపగలు తెల్లగా వెలిగింది. ఆయన సెట్టు మూత విప్పి చూశాడు. ఫ్యూజు బాగుంది. బోర్డు బాగుంది. కుండలో స్పీకరుకు చిన్న చిరుగైనా లేదు. వీధిలో నాలుగు టీవీలు కాలిపోయాయి. ఆయన సెట్టుకు ఏమీ కాలేదు.

ఇక కడ్డీ అవసరం లేదు. ఆ సంగతి ఎవరికీ తెలియదు కూడా. గాలి, స్తంభం, తుప్పు అని వీధంతా అనుకుంటోంది. రోలు పక్కకు జరిపి చీకట్లో కడ్డీ పీకేస్తే, సాయంత్రానికి పాట, సుత్తులు, వాకిలి అన్నీ ఎప్పటిమాదిరే ఉంటాయి. ఇది నాకు తట్టింది, ఆయనకూ తట్టి ఉంటుంది. మూత ముందు పెట్టుకుని చాలాసేపు ఒక్క స్క్రూ కూడా తిప్పకుండా ఉన్నాడు. ఆయన చేతులు అట్లా ఉండగా చూడటం అదే మొదలు.

వీధిలో గోల వినపడింది. రంగమ్మాళ్ కొడుకు ఆంజనేయన్ సెంతిల్ చొక్కా పట్టుకున్నాడు.

“చాన్నాళ్లయిందని నువ్వే చెప్తావు! చాన్నాళ్లు ఏం పీకుతా ఉంటివిరా? మా అమ్మ కాలు నువ్వు తెచ్చిస్తావా?”

“నేను ఈ ఊరికి వచ్చిందే పోయిన వారం అన్నా,” అని సెంతిల్ తమిళంలో ఏడుపు గొంతుతో అంటున్నాడు. నిచ్చెన ఎవరో లాక్కున్నారు. ఇంకెవరో వీడియో తీస్తున్నారు. రెండు దెబ్బలు కూడా పడ్డాయి.

మామ కుంటుకుంటూ బయటికొచ్చాడు. అటు పోలేదు. వాకిలి పక్కకు పోయి రోలు దొర్లించాడు. తీగ తెంపాడు. కడ్డీని రెండు చేతులతో అటూ ఇటూ ఆడించి లాగాడు. నిలువులోతు కడ్డీ ఊరికే వస్తుందా? చెమటలు కారుతూ, మూలుగుతూ లాగుతుంటే, కొట్టేవాళ్లు కూడా ఆపి ఇటు చూశారు. నల్లటి కడ్డీ బయటికొచ్చింది. దాన్ని తెచ్చి ఆంజనేయన్ కాళ్ల ముందు వేశాడు.

“వాణ్ణి వదులు. తెగింది వాళ్ల తీగే. ఆ కరెంటును మీ అమ్మ కాలు కిందికి తెచ్చింది నేను.”

“ఏం చెప్తా ఉండావు మామా?”

“సెట్టుకని పాతినాను. నేల జిల్లుమంటాదని ముందే నాకు తెలుసు. తెలిసే ఉంచినాను.”

ఆంజనేయన్ చెయ్యెత్తాడు. ఎవరో పట్టుకున్నారు. కొట్టి ఉంటే మామకు కొంచెం నెమ్మదిగా ఉండేదేమో.

ఆ సాయంత్రం వాకిట్లో తిలగవతి అత్త ఒక్కతే కూర్చుంది. ఆయనతో మాట్లాడలేదు. మా వైపు ఒక పద్ధతి ఉంది. పండు కొట్టే రాయి ఎవరిది వాళ్లదే, పని చేసే వాకిట్లోనే ఉంచేస్తారు. రాయి ఉన్నంతవరకు మనిషి రేపు వస్తుందని లెక్క. తీసుకుపోతే ఇక రాదు. ఒక్కొక్కరే వచ్చి రాళ్లు తీసుకుపోయారు. ఎవరూ తిట్టలేదు. “వస్తానక్కా,” అని అత్తకు మాత్రం చెప్పిపోయారు. ముగ్గురు మిగిలారు. బిడ్డతల్లులు, షెడ్డు గేటులోకి పోలేనివాళ్లు. వాళ్లూ వాకిట్లోకి రాకుండా వీధిలోనే నిలబడి ఒక షరతు పెట్టారు.

“ఆ సెట్టుకు ఇంటి కరెంటు తగలకూడదన్నా. తీగ అనేది గోడలోంచి బయటికి రాకూడదు. అట్లయితేనే కూర్చుంటాము.”

“కరెంటు ఇప్పుడు బాగైంది కదమ్మా...”

“బాగైతే నువ్వు పెట్టుకో. మేము పోతాము.”

ఆయన కుండ స్పీకరు ఒక్కటి బయట ఉంచి, సెట్టును లోపలికి ఎత్తి పెట్టాడు. మంచం కిందినుంచి లారీ బ్యాటరీ బయటికి లాగాడు. ఆటోసెట్టు చిన్నబోర్డు, కుండ స్పీకరు తగిలించి, వాళ్ల కళ్లముందే చూపించాడు. రెండు తీగలు, ఎర్రది నల్లది, బ్యాటరీ నుంచి బోర్డుకు, అంతే. ఎర్రతీగ మధ్యలో చిన్న ఫ్యూజు వేశాడు. ఒకామె ముందు చెప్పులతో, తర్వాత విడిచి, నేల మీద కాలు ఆనించి చూసి కూర్చుంది.

మూడోనాడు రంగమ్మాళ్ వచ్చింది. చేతికర్ర, కొడుకు తోడు. కుడికాలు ఈడుస్తోంది. మామ లేచి నిలబడ్డాడు.

“కూర్చో. నీకెట్లాగూ చేతకాదు,” అంది.

“అవ్వా...”

“మాట్లాడొద్దు. కొరుకుతా ఉండాదని నేను చెప్పినప్పుడు నవ్వినారు అందరూ. నవ్వనోడివి నువ్వొక్కడివే. అప్పుడే అనుకున్నా, వీడెందుకు నవ్వలేదని.” కర్ర మీదికి ఒరిగింది. “ఒక్క మాట చెప్పి ఉంటే చెప్పులు తొడుక్కొని వచ్చేదాన్ని గదరా. సెట్టు ఆపమని ఎవురడిగినారు నిన్ను?”

ఆమె తన రాయి వైపు చూపించింది. ఏళ్ల తరబడి సుత్తిదెబ్బలకు నడిమధ్య గుంతపడిన రాయి. ఆంజనేయన్ వంగబోతే ఆపింది.

“నువ్వు ఉండు. వాడు ఎత్తాల.”

చీర కొంగు చుట్టకుదురు చేసి తలమీద పెట్టుకుని నిలబడింది. మామ ఒంటికాలి మీద బరువు మోపి రాయి లేపాడు. ఛాతీదాకా తెచ్చాడు. ఎత్తి ఆమె తలమీద పెట్టాడు. ఆమె సర్దుకుంది. చేయి వదలమని తల కదిపింది. వదిలాడు.

“షెడ్డుకేనా అవ్వా?” అని తిలగవతి అత్త అడిగింది.

“గేటు ముందర చెప్పులు విప్పమనరంట,” అని అవ్వ కదిలింది.

కొడుకు ఒకపక్క, కర్ర ఒకపక్క, తలమీద రాయితో నెమ్మదిగా వీధి పట్టుకుని పోతోంది. మామ చూస్తూ నిలబడ్డాడు. తర్వాత, చేతులకు ఇంకేం చేయాలో తెలియక, వంగి బ్యాటరీ తీగ తగిలించాడు. పాట సన్నగా మొదలైంది. నాలుగు సుత్తులే గనుక ఆ మాత్రం వినపడుతోంది. వీధి మలుపు దగ్గర అవ్వ ఆగింది. రాయితో తల తిప్పలేదు గనుక మొత్తం మనిషే ఇటు తిరిగింది.

“ఏమిరా, ఇంతేనా నీ సెట్టు? ఇక్కడికి వినపడనే లేదు!”

“వినపడదవ్వా!” అని అరిచాడు మామ. “ఇంక అంతే!”

ఆమె ఏదో అంది. తిట్టో, నవ్వో, మాదాకా రాలేదు. మళ్లీ తిరిగి షెడ్డువైపు నడిచింది. తిలగవతి అత్త సుత్తి ఆపకుండానే, మూడు రోజుల తర్వాత మొదటిసారి ఆయనతో మాట్లాడింది.

“ఆ కుండ స్పీకరు ఇటు తిప్పు. వీధికి ఎందుకు పాడేది?”

ఆయన తిప్పాడు.